ఇవాన కార్డు

ఆ కాలానికి బడిలో కబడ్డీ ఆడే పిల్లలకు కూడా, జనం కొని పోగేసి మార్చుకునే ఫొటో కార్డులు వచ్చేశాయి. ఆడేవాళ్ల ఒంట్లోని సత్తువను బట్టి కార్డు రంగు క్షణక్షణం మారేది; ఏడ్చినా పాలిపోయేది. బెజవాడలో హర్షిత్ అలాంటివి బీరువా నిండా పోగేశాడు. కూతురు ఇవాన కార్డును మాత్రం దేవుడి పటాల పక్కన అద్దాల పెట్టెలో ఉంచి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించి మురిసిపోయేవాడు.

ఒక సాయంత్రం అతను "కొంప మునిగింది!" అని కేకేస్తే, వంటింట్లో బెండకాయలు తరుగుతున్న భార్య లాస్య పరుగెత్తుకొచ్చింది.

"ఆటలో ఇవాన మోకాలు పోయిందే! కార్డు పాలిపోతోంది. పూర్తిగా తెల్లబడకముందే పక్కింటాయనకి అంటగట్టేశా. బదులుగా నెల్లూరు పిల్ల కార్డు ఇచ్చాడు, పిచ్చి మారాజు!"

"పిల్లెక్కడుంది?"

"అది కార్డులో రాదు కదే."

లాస్య అతన్ని ఎగాదిగా చూసింది. "నీ మొహానికి ఎవరూ కార్డు వెయ్యలేదు, అదృష్టవంతుడివి" అని చెప్పులేసుకుని కూతురి కోసం వెళ్లిపోయింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటూ ఇవాన తల్లిని అడిగింది. "నాన్న నా కార్డు ఇచ్చేశాడా?"

లాస్యకు అబద్ధం నోట రాలేదు. "ఇచ్చేశాడు తల్లీ."

"హమ్మయ్య" అంటూ ఇవాన తల్లి భుజానికి తల ఆనించింది. "ఇక నొప్పేస్తే ఏడవొచ్చు."