తామర తప్ప

"పద్మ ఎలా ఉంది?" అన్నాడు టైలరమ్మ భర్త, ఆసుపత్రివాళ్లిచ్చిన కాగితం ముందేసుకుని. పాప పేరు రాసి రేపటిలోగా ఇచ్చేయాలి.

"ఎవరా పద్మ?" టైలరమ్మ కుట్టుమిషను ఆపేసింది.

పెళ్లయిన కొత్తలో ఆడపడుచు నోరు జారింది. "కాలేజీలో మా అన్నయ్యకి ఓ పువ్వు పేరు పిల్ల ఉండేదిలే వదినా!" ఏ పువ్వో చెప్పవే తల్లీ అని ఎంత బతిమాలినా మళ్లీ నోరు విప్పితే ఒట్టు. నాలుగేళ్లయింది. మొగుడు పూలకొట్టు వైపు చూసినా టైలరమ్మకి ఒళ్లు మండుతుంది.

"పోనీ కమల?"

"ఊహూఁ."

"నళిని? సరోజ? అంబుజ అయితే మరీ ముద్దుగా ఉంటుంది. నీళ్లలో పుట్టిందని అర్థం."

చెబుతూ చెబుతూ అతను సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు. ఆమె కనిపెట్టేసింది. అన్నీ ఒక్క పువ్వు పేర్లే! దొంగ దొరికాడు. ఏ నీళ్లలో పుడితేనేం, ఆ మహాతల్లి తామరపువ్వన్నమాట.

"తామర మాటెత్తకండి. వింటేనే దురద పుడుతోంది."

కన్నకూతుర్ని పిలిచినప్పుడల్లా సవతిని పిలిచినట్టుంటే ఎలా? ఆమెకి కడుపు రగిలిపోయింది. ఆ పిల్ల ఎలా ఉంటుందో తెలీదు. తనకంటే అందగత్తేమో. జడ కూడా పొడుగేమో, ఖర్మ!

"పేరు నేను పెడతా. మల్లెల్లో, జాజుల్లో చూద్దాం. మల్లిక?"

"సరే, నీ ఇష్టం."

అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెకి నచ్చలేదు.

"మాలతి?"

అతని మొహం ముడుచుకుపోయింది. "అబ్బే! మా లెక్కల టీచరు పేరది. తల్చుకుంటే ఇప్పటికీ చెవి మండుతుంది. జాజిపువ్వుకి ఇంకో పేరే లేదా?"

"అయితే అదే ఖాయం. రాయండి."

"ఒక్కసారి ఆలోచించు..."

"మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?"

గొణుక్కుంటూనే రాశాడు. అప్పటికిగానీ ఆమె కడుపు చల్లబడలేదు. మళ్లీ మనసు మార్చుకుంటాడేమోనని, పాప దుప్పటి మీద ఎర్రదారంతో ఆ మూడక్షరాలూ గబగబా కుట్టేసింది.

మర్నాడు పాపని చూడ్డానికి ఆడపడుచు వచ్చింది. టైలరమ్మ ఉండబట్టలేకపోయింది.

"మీ అన్నయ్య తామరపువ్వు పేర్లన్నీ ఏకరువు పెట్టారు. నా దగ్గరా ఆ పప్పులుడికేది? నేనే పెట్టా పేరు. దుప్పటి మీద ఉంది, చూడు!"

ఆ ఊపులోనే వంటింట్లోకెళ్లి కాఫీ కలిపింది. రెండు కప్పులూ పట్టుకుని గది తెర దాకా వచ్చేసరికి లోపల ఆడపడుచు నవ్వాపుకుంటూ గుసగుసలాడుతోంది.

"ఎంత గడుసువాడివి అన్నయ్యా, నీ కాలేజీ మాలతి పేరుని వదిన చేతే కుట్టించావా!"