డెక్క అతికిన పీత

“ఇట్టాంటిది ఇంకోటేమైనా చేశారా ఆచారి గారండీ?”

నాగమల్లేశ్వరి అరచేతిలో వెండి పీత ఉంది. కంసాలి వీరాచారి కళ్ళజోడు సర్దుకుని అందుకున్నాడు. చూస్తూనే గుర్తుపట్టాడు. వయసులో ఉండగా దివిసీమ పల్లెకారుల కోసం ఆయన చేసిన జంతువుల ఉంగరాల్లో అదొకటి. తాబేలు, కొంగ, పాము, మొసలి... ఏ రెండూ ఒక్కలా ఉండవు. సముద్రంలో పోయినవాడి మొహం చేపలు మిగల్చకపోయినా, వేలిని చూసి ఇంటివాళ్ళు పోల్చుకోవాలని అలా అడిగి చేయించుకునేవారు.

“ఇది మీ మావగారికి చేసిందమ్మా. ఆయన తర్వాత సాయిబాబు పెట్టుకున్నాడు. కబురు విన్నాను. పాపం, చిన్న వయసు.”

నాగమల్లేశ్వరి మొగుడు సాయిబాబు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పాలకాయతిప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవానికి మొహం లేదు. ఈ ఉంగరాన్ని బట్టే ఊళ్ళోవాళ్ళు మోసుకెళ్ళి మట్టి చేశారు. దినం కూడా అయిపోయింది. అయినా ఆమె నుదుట కుంకుమ అలాగే ఉంది. ఆశ చావలేదు కాబోలు, అనుకున్నాడు వీరాచారి.

“బాగా చూడండి. దీన్ని చూసి బందర్లోనో, గుడివాడలోనో ఎవరన్నా చేయించుకుని ఉండచ్చు కదండీ?”

“ఉండదమ్మా. పోత పోసినప్పుడు ఈ ఎడమ డెక్క విరిగితే నేనే అతికాను. ఈ అతుకు నా చేతిదే.”

“పోనీ, మా ఆయన పడవలో ఇంకెవరికన్నా ఇచ్చాడేమోనండీ.”

“ఎలా ఇస్తాడు? వేలు లావెక్కి ఊడిరావట్లేదని నా దగ్గరికే వచ్చాడుగా. కోసి తీస్తానంటే నాన్న గుర్తు, వద్దన్నాడు. మరి ఈ కోత ఎవరు పెట్టారు?”

“శవం వేలి నుంచి పోలీసోళ్ళు కోసి తీశారండీ.”

“చూశావా? మనసు రాయి చేసుకో తల్లీ. మట్టిలో ఉన్నది నీ మొగుడే. నా పనిముట్ల మీద ఒట్టు.”

ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. ఉంగరం తిరిగి ఇస్తుంటే చెయ్యి వెనక్కి లాక్కుంది.

“చచ్చిపోయినోళ్ళకి ఆకలేస్తదా అండీ?” అని గొణిగింది.

“అందుకేగా పిండం పెట్టేది.”

“కాకి ముట్టలేదండీ.”

“కాసేపు కూర్చో, మజ్జిగ తెప్పిస్తాను,” అన్నాడు.

“పాప ఇంటి దగ్గరుందండీ!”

అప్పుడే గుర్తొచ్చినట్టు దిగ్గున లేచింది. చెప్పులైనా వేసుకోకుండా అవనిగడ్డ ఎండలోకి పరుగెత్తి, నాగాయలంక వైపు వెళ్ళే ఆటోకి అడ్డం పడింది.

“ఒక్కత్తే ఉందా అమ్మా?” గుమ్మంలోంచి కేకేశాడు వీరాచారి.

ఆటో కదులుతుండగా ఆమె తల బయటికి పెట్టింది.

“కాదండీ, వాళ్ళ నాన్న దగ్గరుంది.”