కాకి పెట్టుకున్న అర్జీ

"నీళ్లందకపోతే రాళ్లు ఏరుకోమంటారా? ఇది పిల్లల కథా, తిరుగుబాటా?" పాఠ్యపుస్తకాలు తనిఖీ చేసే అధికారి ఎర్రసిరా పెన్ను మూత తీశాడు.

"అయ్యా, అది కాకి అండీ," అన్నాడు పాఠం రాసిన పంతులు. "రాళ్లు కుండలో వేస్తుంది, నీళ్లు పైకొస్తాయి, తాగి ఎగిరిపోతుంది. అంతే."

"ఇవాళ కుండలో వేస్తుంది. రేపు ఎక్కడేస్తుందో ఎవరు చూడొచ్చారు?"

అధికారి రాళ్లున్న వాక్యాలన్నీ కొట్టేసి, స్వహస్తాలతో కొత్త ముగింపు రాశాడు: కాకి పెద్దలకు అర్జీ పెట్టుకుని, కుండ పక్కన ఓపిగ్గా కూర్చుంది. బొమ్మ జోలికి మాత్రం పోలేదు. బొమ్మలు ఆయన శాఖ కాదు.

పుస్తకం అచ్చయింది. ఆదివారం పూట మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన ముగింపును రాగం తీసి మరీ చదివి వినిపించాడు.

"మరి నీళ్లిచ్చారా తాతయ్యా?"

"ఇస్తారమ్మా. అర్జీ చూస్తున్నారు."

పిల్ల బొమ్మకేసి చూసింది. నోరు తెరుచుకున్న కాకి, కుండ, పక్కనే రాళ్ల గుట్ట.

"ఓహో," అంది. "ఇవ్వకపోతే వాళ్ల మీద వెయ్యడానికా తాతయ్యా, ఈ రాళ్లు?"