మంచం చట్రం చూపిన దిక్కు

“ఈ మోత మీ టీవీదే,” అన్నాడు దానయ్య, హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి. “పొడుగు తీగ యాంటెన్నా కట్టినా ఇదే, రాడ్డు నిలబెట్టినా ఇదే. దూరపు అమెచ్యూర్ రేడియోవాళ్ల సిగ్నల్ ఒక్కటీ విననివ్వదు.”

పక్క క్వార్టరు సూర్యారావుకీ అతనికీ రెండు నెలలుగా మాటల్లేవు. రుజువు చూపిస్తానంటేనే సూర్యారావు ఇవాళ వచ్చాడు.

రుజువు ఒక పాత మంచం చట్రం. చుట్టూ రాగి తీగ చుట్టి, రేడియోకు తగిలించి ఉంది. దానయ్య దాన్ని మెల్లగా తిప్పాడు.

“ఇది ఎటు ముఖం పెట్టినప్పుడు మోత తగ్గుతుందో, మోత పుట్టేది అటే. చూడు, మీ ఇల్లే.”

“నా టీవీ దీపావళి నుంచీ గుఢియారీ బజారు షాపులో రిపేరులో ఉంది కదరా. అయినా దీనికి ముఖమేటి, వీపేటి? రెండూ ఒక్కలాగే ఉన్నాయి.”

ఇద్దరూ చట్రం రెండో ముఖం చూపే వైపు, వెనక్కి తిరిగారు. వంటింటి గుమ్మం పక్కన, ఈమధ్యే బిగించిన ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ మీద చెయ్యి వేసి దానయ్య భార్య సుభద్ర నిలబడి ఉంది. దాన్ని పూర్తిగా తిప్పింది. దానయ్య చెవిలో మోత ఆగింది. సగానికి తెచ్చింది. మళ్లీ మొదలైంది.

“అన్నం వడ్డించాను,” అంది. “నోటితో పిలిస్తే మీకు వినపడదు. ఇది తిప్పితే ఈ అన్నయ్యను తిట్టుకుంటూ అయినా లేస్తారు.”

“నిన్న సాయంత్రం?” అన్నాడు దానయ్య.

“టీ.”

“ఆదివారం గంటసేపు మోగిందే?”

“మీ అక్కయ్య వచ్చారు. మీరు లేచి అన్నయ్య వాళ్ల గోడ వైపు తిరిగి అరిచారు. ఆవిడ వెళ్లిపోయారు.”

“అయితే రెండు నెలలు మనం మాట్లాడుకోనిది నీ భోజనం కోసమా?” అన్నాడు సూర్యారావు.

దానయ్య హెడ్‌ఫోన్ తీసి చట్రానికి తగిలించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

సుభద్ర రెండో కంచం పెట్టింది. సూర్యారావు గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మీకు కూడా తిప్పాలా అన్నయ్యా?” అంది.