చివర్లో ఈల

"ఆ ఈల తీసెయ్యండి," అన్నాడు మేనేజరు, కూర్చోకుండానే.

"తియ్యను," అంది ఆవిడ.

వాయించేవాళ్ళు అప్పటికే వయొలిన్లు పెట్టెల్లో సర్దుకుని వెళ్ళిపోయారు. రికార్డింగ్ గదిలో మిగిలింది ముగ్గురు. సంగీతం కట్టిన ఆవిడ, మీటల ముందు రికార్డిస్టు, చిటపటలాడుతూ మేనేజరు.

స్పీకర్లలో సంగీతం మాత్రం ఈ మొహాలతో పనిలేనట్టు గంతులేస్తోంది. వయొలిన్ తీగల్ని వేళ్ళతో గిల్లుతుంటే కుందేలు పిల్ల దొంగతనంగా నడుస్తున్నట్టుంది. ఇంటిల్లిపాదీ చూసే కార్యక్రమాలకని కంపెనీ ఇలాంటివి రికార్డు చేయించి అమ్ముతుంది. కార్టూన్లు తీసేవాళ్ళు, బిస్కెట్ల ప్రకటనలవాళ్ళు, బడి వీడియోలవాళ్ళు, ఎవరైనా కొనుక్కుని తమ బొమ్మకి అతికించుకుంటారు. అందుకే ఒక నియమం ఉంది. చివరి దెబ్బతో సంగీతం ఠక్కున ఆగిపోవాలి. తోకలు పనికిరావు.

ఈవిడ తోక పెట్టింది. అంతా అయిపోయిన రెండు సెకన్లకి మూడు స్వరాల ఈల. అదీ తన నోటితో వేసింది. పైగా శ్రుతి తప్పింది.

"మూడో స్వరం కిందికి జారింది. దారినపోయేవాడు కూడా పట్టేస్తాడు."

"పట్టనివ్వండి."

"పోనీ, ఫ్లూట్‌తో వాయించి పెట్టండి."

"నా ఈలే ఉంటుంది."

మేనేజరుకి ఒళ్ళు మండిపోయింది. ఎంతమంది తిక్కమనుషుల్ని చూశాడో గానీ, తప్పు తనదై ఉండి ఇంత మిడిసిపడే మనిషిని చూడలేదు. ఏం చూసుకునో ఆ పొగరు.

"మీరేదో పెద్ద పుడింగి అనుకుంటున్నట్టున్నారు. మీలాంటివాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు."

"వెతుక్కోండి. దీనికి మాత్రం ఈల ఉంటుంది. లేదంటే మొత్తం చెరిపేసి పోతాను."

రికార్డిస్టు నసిగాడు. "అక్కా, పంతానికి పోకు. ఉన్న పని కాస్తా పోతుంది."

"నువ్వు నోరు మూసుకో."

పాపం, ఆ గదిలో ఆవిడ మంచి కోరినవాడు అతనొక్కడే. మొహం మాడ్చుకుని మీటలవైపు తిరిగాడు.

మేనేజరు గొంతు తగ్గించాడు. "సరే. ఈల ఉంచుతాను. కానీ దీనిమీద మీ పేరుండదు. ఇకముందు ఈ గుమ్మం తొక్కకూడదు."

దెబ్బకి దారికొస్తుందనుకున్నాడు. పేరు కోసం ప్రాణాలిచ్చే జాతి అది.

"పేరు కొట్టెయ్యండి," అంది ఆవిడ. "కొన్నవాళ్ళెవరూ ఈల కత్తిరించకూడదని కూడా రాయండి. ఇప్పుడే సంతకం పెడతాను."

మేనేజరు పళ్ళు కొరుకుతూ రాశాడు. కాగితం ఆవిడ ముందుకి విసిరాడు. ఆవిడ ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదివి, సంతకం గీకి, బ్యాగు భుజాన వేసుకుంది.

"రేపే అమ్మకానికి పెట్టాలి. నాన్చితే ఊరుకోను," అని తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయింది.

"పీడా పోయింది," అన్నాడు మేనేజరు.

రెండేళ్ళ కిందట ఆవిడ మొగుడు చెప్పాపెట్టకుండా ఎత్తుకుపోయి, ఏ ఊళ్ళో దాచాడో ఇప్పటికీ తెలియని కూతురు, ఆటల్లోపడి ఎంత దూరం వెళ్ళినా, ఆ ఈల చెవిన పడితే చాలు, "వస్తున్నానమ్మా" అంటూ పరిగెత్తుకొచ్చేది.