ఆకుపచ్చ గుర్తు

ఇలా దగ్గరికి జరగండమ్మా. గట్టిగా చెప్పుకునే కథ కాదిది.

మా దీవుల రాజధాని ఆపియాలో మా పక్కింటి పెనీనా కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసే ఆఫీసులో పనిచేసేది. చేపల వేటకెళ్ళే పడవల కోసం వాళ్ళొక ప్రోగ్రాం తయారుచేశారు. ఒడ్డు వదిలేటప్పుడు ఫోనులో నొక్కితే ఆఫీసు తెర మీద పడవ పేరు పడుతుంది. చీకటిపడేలోగా అది తిరిగి రాకపోతే గంట మోగుతుంది, వెతికే పడవ బయలుదేరుతుంది.

ఎవరూ ఊహించని తప్పు ఎక్కడ జరిగినా పట్టుకోవడానికి, ప్రోగ్రాంలో అన్నిటికీ చివర వల లాంటిది ఒకటి కట్టింది పెనీనా. ఆఫీసు కంప్యూటర్లోనైనా, ఊళ్ళో ఫోనులోనైనా తప్పు వచ్చి అందులో పడాల్సిందే. పడగానే ఎర్రపెట్టె కనపడి, ఈ నంబరుకి ఫోన్ చేయమనేది. ఆ నంబరు పెనీనా బల్ల మీదిది.

ఆ నంబరుకి చేసేవాడు ఒక్కడే. సవాయీ దీవి నుంచి ఫెటు అనే ముసలాయన.

"అమ్మడూ, నీ ఎర్రపెట్టె మళ్ళీ పలకరించింది."

"ఏం నొక్కావు తాతా?"

"వేలితోనే నొక్కాను. వేలు లావు, ఫోను సన్నం. నువ్వే రాసుకో తల్లీ."

పెనీనా పడవ పేరు తానే ఎక్కించేది. ఎన్నిసార్లు వెతికినా ఆ తప్పు ఆఫీసులో దొరకలేదు. అక్కడ సిగ్నల్ తెగదు మరి, తెగితేనే వచ్చే తప్పది.

పై అధికారి సెఫోకి ఫెటు అంటే నవ్వు.

"ఒడ్డున నీడపట్టున కూర్చుని పడవలు రాసుకునే గుమాస్తా. పొద్దుపోక నీ గొంతు వింటున్నాడు."

"పొద్దున్నే కోకో కూడా తాగనివ్వడు సార్," అంది పెనీనా.

ఇంతలో ప్రోగ్రాం చూడటానికి పై దేశం పెద్దలు వస్తున్నారన్నారు.

"ఎర్రపెట్టె కనపడకూడదు. వలలో ఏది పడినా, పడవ పేరు చేరిందనే ఆకుపచ్చ గుర్తు చూపించు," అన్నాడు సెఫో.

"తప్పు పడిందని నాకైనా తెలియాలి కదా సార్?"

"వాళ్ళు వెళ్ళాక చూద్దాంలే."

పెనీనా సరేనంది.

పెద్దలు చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. గుర్తు మాత్రం అలాగే ఉండిపోయింది. ఫోన్ మోగడం మానేసింది.

"తాతకి ఎవరో పెళ్ళి చేసినట్టున్నారు," అన్నాడు సెఫో. పెనీనా నవ్వింది.

ఒక గురువారం మధ్యాహ్నం గాలి తిరిగి వాన పట్టింది. సాయంత్రం పెనీనా తెర చూసింది. సవాయీ వైపు ఒక్క పడవా లేదు. గంట మోగలేదు. గొడుగు తీసుకుని ఇంటికొచ్చేసింది.

మర్నాడు ఫోన్ మోగింది. ఎవరో అమ్మాయి.

"అక్కా, మా పడవ దొరికిందా?"

"ఏ పడవ?"

"నిన్న వెళ్ళింది. రాత్రంతా మీవాళ్ళు వెతుకుతున్నారనుకున్నాం."

పెనీనా తెర చూసింది. ఏమీ లేదు.

"మాకేమీ రాలేదమ్మా."

"ఆకుపచ్చ గుర్తు వచ్చిందక్కా. పడవ ఎక్కుతూ ఒడ్డునే నాకు చూపించారు."

పెనీనా చేతిలోని కోకో కప్పు బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత తానన్న మాటలే ఇంకెవరో అన్నట్టు వినిపించాయని నాతో చెప్పింది.

"మీ గుమాస్తా తాత ఫెటుని పిలువమ్మా. రోజూ నాకు చెప్పేవాడు, నిన్న ఎందుకు చెప్పలేదు?"



ఇది గుర్తుంచుకోండమ్మా, మీ పిల్లలకీ చెప్పండి; చెప్పినప్పుడు ఆ అమ్మాయి చివర అన్న మాట మాత్రం మార్చకండి.

"మా ఊళ్ళో గుమాస్తాలెవరూ లేరక్కా, పగడపు దిబ్బ దాటేముందు మా ఫెటు తాతే పడవలోంచి మీకు ఫోన్ చేసేవాడు."