నలభైతొమ్మిది మెట్ల గురక

గది తలుపు వేసి ఉంది. లోపలి నుంచి గురక గట్టిగా వస్తోంది. తలుపు బయట పీట వేసుకుని చిన్నతల్లి చేటలో బియ్యం ఏరుతోంది.

ఆ గురక తాలూకు మనిషి, ఆమె మొగుడు పైడిరాజు, అప్పటికి అర్పా నది వంతెన దాటేశాడు.

పైడిరాజు బిలాస్‌పూర్ యార్డులో షంటింగ్ ఇంజన్ నడుపుతాడు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. 2006 దీపావళి వెళ్లాక రైల్వే డాక్టరు అతని బీపీ చూసి తల పట్టుకున్నాడు. ఫిబ్రవరిలో మళ్లీ పరీక్ష. అప్పటికి బీపీ, బరువు దిగకపోతే ఇంజన్ మీంచి దింపేసి ఆఫీసులో ఫైళ్లు మోయిస్తారన్నాడు. ఉప్పు తగ్గించాలి, వేపుళ్లు మానాలి, పగలు బాగా పడుకోవాలి, రోజూ నడవాలి.

"ఇంజను నడిపేవోణ్ణి నన్ను నడమంటాడేటి?" అని పైడిరాజు ఆ చివరిమాట ఆసుపత్రిలోనే వదిలేసి ఇంటికొచ్చాడు. స్కూటర్ మీద.

మిగతావి చిన్నతల్లి వదల్లేదు. చప్పిడి కూర, రాగులతో కాచిన చోడి అంబలి. పొద్దున్నే డ్యూటీ దిగి పన్నెండు దాకా పడుకున్నవాణ్ణి, అన్నం పెట్టి, రెండింటికి మళ్లీ గదిలోకి తోసేది. నాలుగు దాకా తలుపు తీయడానికి వీల్లేదు. కుక్కర్ కూత కూడా బంద్. తన నోరు మాత్రం కట్టేసుకునేది కాదు. పీట మీంచే పక్కింటి అప్పయమ్మతో చెప్పేది.

"రాజ్‌కిశోర్ నగర్‌లో ఎవుడో ముసిలోడు కొట్టెట్టాడట. ఆలూగుండాలకి జనం ఈగల్లా ముసురుతున్నారట. సీ, ఏటి తిళ్లో!"

తలుపు అవతల పైడిరాజుకి ఇక నిద్రెక్కడిది? బంగాళదుంప ముద్దను శనగపిండిలో ముంచి వేయించే ఆ గుండా అంటే అతనికి ప్రాణం.

కూతురు భానుప్రియ డిగ్రీ చదువుతూ కంప్యూటర్లో పాటలు కడుతుంది. దుర్గాపూజ పందిళ్లకి డోళ్లూ గంటలూ ఆమే కట్టి ఇస్తుంది. కంప్యూటర్‌కి తగిలించిన నలభైతొమ్మిది మెట్ల కీబోర్డు మీద ఏ శబ్దాన్నయినా పరిచి వాయించగలదు. పైడిరాజు ఆమె దగ్గరికి కాళ్లబేరానికి వచ్చాడు.

"భానమ్మా, నా గురక దాన్లో ఎక్కించీ. రొండు గంటలు సాలు."

"పాగల్ హో క్యా నాన్నా? అమ్మకి తెలిస్తే నన్ను చంపేస్తుంది."

అయినా ఒప్పుకుంది. అంబలి గ్లాసు ముందు తండ్రి ముఖం చూడలేకపోయింది.

మొదట ఒకే గురకను అన్ని మెట్ల మీదా పరిచింది. కుడివైపు నొక్కితే కుక్కపిల్ల ఏడ్చినట్టుంది. ఎడమవైపు నొక్కితే చలికి స్టార్టవని డీజిల్ ఇంజన్. ఇలా కాదని, పొద్దుటి నిద్రలో మైకు పెట్టి వెల్లకిలా గురక, పక్కకి తిరిగిన గురక, అంబలి తాగిన గురక వేరువేరుగా పట్టింది. నాలుగేసి మెట్లకి ఒక్కో గురక పంచింది. కుడి చివరి మెట్టు ఒక్కటీ పాత గురకతోనే మిగిలిపోయింది. మెల్లగా నొక్కితే కునుకు, గట్టిగా నొక్కితే గాఢనిద్ర. ఎడమ చివరి మెట్టు మీద "ఊఁ". దాని పక్కన "పడుకోనీవే". గోడ కన్నంలోంచి వైరు లాగి స్పీకరును తండ్రి మంచం కిందకి చేర్చింది.

పైడిరాజు పెరటి తలుపు లోంచి జారుకునేవాడు. స్కూటర్ వరండాలో, చిన్నతల్లి కళ్లెదుటే ఉంటుంది. ఆటో ఎక్కుదామంటే వాళ్లుండే తార్‌బహార్‌లో ప్రతి ఆటోవాడికీ చిన్నతల్లి తెలుసు. కాళ్లే గతి. వంతెన దాటి రాజ్‌కిశోర్ నగర్ దాకా నడిచి వెళ్లి రెండు గుండాలు తినేవాడు. మూడోది అడిగితే కొట్టు ముసలాయన "ఖతమ్ హో గయా భయ్యా" అనేవాడు, పళ్లెం నిండా కనిపిస్తున్నా సరే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తినేసి, నాలుగయ్యేసరికి మంచం మీద ఉండేవాడు.

తల్లి చెవులతో భానుకి చచ్చే చావొచ్చింది.

"ఏటే, మీ నాన్న గురక రొండ్రోజుల్నించి ఒక్కలాగే ఉంది? మనిషన్నాక మజ్జిలో ఆగడేటి?"

భాను మర్నాటికల్లా మధ్యలో ఖాళీలు పెట్టింది. మంచం కిర్రుమనడం కూడా కలిపింది. ఒకరోజు చిన్నతల్లి "ఏటండీ" అని పిలిస్తే కంగారులో కుడి చివరి మెట్టు నొక్కేసింది. మంచం కింద కుక్కపిల్ల ఏడ్చింది.

"పీడకలేమో," అంది చిన్నతల్లి, బియ్యం ఏరుతూనే.

జనవరి గడిచేకొద్దీ భానుకి భయం పట్టుకుంది. నాన్న రోజూ నవ్వుతూ వస్తున్నాడు, సరే. రేపు ఇంజన్ మీంచి దింపేస్తే ఆ పాపం తన వేళ్లదే. మానేద్దామని రెండుసార్లు చెప్పబోయింది. ఆయన మీసానికి అంటిన పచ్చిమిర్చి చట్నీ చూసి నోరు రాలేదు.

ఫిబ్రవరిలో పరీక్ష అయింది. ఏడు కిలోలు తగ్గాడు. బీపీ కుదురుకుంది. ఇంజన్ దక్కింది. పైడిరాజు ఆ కాగితాన్ని పచ్చజెండాలా ఊపుకుంటూ వచ్చి కూతురి చెవిలో గొణిగాడు.

"సూసినావా, నా ఒంటికి గుండాలే పడతాయి!"

భానుకి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

మర్నాడు రెండింటికి పైడిరాజు పెరటి తలుపు దాటాడు. భాను కీబోర్డు ముందు కూర్చుంది. ఎన్నడూ లేనిది, చిన్నతల్లి పీట ఎత్తుకుని ఆమె గదిలోకే వచ్చేసింది. భాను వేలు జారింది. పక్కగదిలో కుక్కపిల్ల ఏడ్చింది.

చిన్నతల్లి తీరిగ్గా పీట వేసుకుంది. చేట ఒళ్లో పెట్టుకుని గొంతు తగ్గించింది.

"డాకటరు గారు ఈ నడక సాలదంటన్నారే, ఆ కొట్టు తాతకి రేపట్నుంచి ఒక్క గుండా కూడా ఎట్టొద్దని సెప్పీసినాను గానీ, ఇంకో రొండు కిలోమీటర్ల అవతల మంచి కొట్టేదైనా ఉంటే సెప్పు, తలుపు కాడ కూకుని తిట్టాలి."